అక్రోటు ఆకు నీళ్లు

అరవై దాటినా హూరినిసా జుట్టు నల్లగా నిగనిగలాడుతుంది. అర్స్లాన్‌బాబ్ ఊరి ఆడవాళ్లంతా అది చూసి కుళ్లుకుంటారు. అక్రోటు ఆకులు బకెట్లో నానబెట్టి, ఆ నీళ్లతో తల తడుపుకుంటుందని మాత్రం ఆమె ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. ఎందుకు చెబుతుంది, పొగిడించుకోవడం హాయిగా ఉంటే!

కొత్త ఏడాది పండగ నవ్రూజ్‌కి వాడంతా కలిసి మొలకల గోధుమతో వండే పాయసం సుమలక్‌కి గోధుమలు మొలకెత్తేది ఆమె ఇంట్లోనే. మొలక కట్టే మనిషి మనసు మంచిది కాకపోతే గోధుమ మొలవదని అక్కడివాళ్ల నమ్మకం. ఆ ఏడు నడుము పట్టేయడంతో ఆ పని కొత్త కోడలు నోజిమాకి అప్పజెప్పింది.

“అత్తయ్యా, పొయ్యి పక్క బకెట్లో నీళ్లు రంగు మారాయి. ఇవే గోధుమల మీద చల్లనా?”

“మసి పడుంటుందిలే. నిన్నగాక మొన్న వచ్చి నాకు నేర్పుతావా? గోరువెచ్చగా ఉంటాయి, చల్లు” అంది హూరినిసా, మంచం మీంచి లేచి చూడకుండానే.

పండగ దగ్గరపడ్డాక పొరుగింటి ముకద్దాస్ వచ్చి గోధుమల మీద కప్పిన గుడ్డ తీసి చూసింది. గింజలు నల్లబడి పడున్నాయి.

“ఇదేంటక్కా, ఒక్కటీ మొలవలేదు! ఎవరి చెయ్యి పడింది?”

అప్పుడైనా హూరినిసా నోరు మూసుకుంటే బాగుండేది. పరువు పోతుందన్న కంగారులో, “నాది కాదమ్మా, మా కోడలిది” అనేసింది.

“ఓహో!” అని సాగదీసింది ముకద్దాస్. మిగతాది వీధి చూసుకుంది. పెళ్లిళ్లకీ, పసిపిల్లల ఊయల వేడుకలకీ నోజిమాని పిలవడం మానేశారు. ఆ పిల్ల కొన్నాళ్లు ఓర్చుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.

ఆ వసంతం చివర్లో హూరినిసా తల తడుపుకోగా బకెట్లో మిగిలిన నీళ్లు, ముల్లంగి గింజలు చల్లిన మడిలో ఒక మూల పారబోసింది. మడంతా పచ్చగా లేచింది, ఆ మూల తప్ప. గోధుమల మీద పడిందీ ఈ నీళ్లేనని అప్పుడు ఆమెకి తట్టింది. ఉన్నపళంగా వియ్యాలవారింటికి పరుగెత్తింది.

“నాకు ఆ రోజే తెలుసత్తయ్యా” అంది నోజిమా. “గుడ్డ తియ్యగానే మీ జుట్టుకుండే ఆకు వాసనే కొట్టింది. చెబితే మీ జుట్టు సంగతి బయటపడి అందరూ నవ్వేవాళ్లు.”

హూరినిసా భోరుమంది. కోడలిని వెంటబెట్టుకొచ్చి, ఆడవాళ్లందరినీ పిలిచి, తలగుడ్డ తీసేసింది.

“ఇది ఆకు నీళ్ల నలుపే. గోధుమల్ని చంపింది నేను, ఈ పిల్ల కాదు!”

ముకద్దాస్ వచ్చి కౌగిలించుకుంది. “ఎంత మంచిదానివక్కా! కోడలి తప్పు నీ నెత్తినేసుకుంటున్నావు.”

హూరినిసా ఒట్లు పెట్టేకొద్దీ వాళ్లు ఆమెను మెచ్చుకున్నారు. ఆకు నీళ్లు మానేస్తే జుట్టు నెరిసింది. “కోడలి దిగులుతో నెరిసిపోయింది పాపం” అన్నారు. తను నోరు జారి అన్న మాట అందరూ ఇట్టే నమ్మారు, నిజం మాత్రం ఒక్కరూ నమ్మలేదు.

మరుసటి నవ్రూజ్‌కి హూరినిసా గోధుమలు కడిగి, ఊటనీళ్లు స్వయంగా తెచ్చిపెట్టింది.

“రా తల్లీ, నువ్వే చల్లు. అందరూ చూస్తారు.”

నోజిమా చేతులు వెనక్కి దాచుకుంది.

“వద్దత్తయ్యా. నిజంగానే నా చెయ్యే మంచిది కాదేమో.”