టైఫాయిడ్ సాక్ష్యం

కోత పండుగ ఆరాధన ముగిసింది. వరంగల్ కోట పక్కనున్న ఆ చిన్న చర్చి ఆవరణలో చాపలు పరిచి ప్రేమవిందు వడ్డిస్తున్నారు. మేకకూర గిన్నెతో వరుసలో వస్తున్న లిదియమ్మ ఇస్సాకు విస్తరి దగ్గర ఆగి, గరిటె వెనక్కి తీసుకుంది.

"నువ్వు పప్పుచారు పోసుకో బిడ్డా. టైఫాయిడ్ వచ్చిన పేగులు. జరం మల్ల మర్లవెడితే మీ అమ్మ తట్టుకోదు."

"తగ్గి యాడాది దాటింది చిన్నమ్మా."

"దాటితే ఏంది? పేగులకు క్యాలెండర్ తెల్వదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇస్సాకు కూడా నవ్వి పప్పుచారు కలుపుకున్నాడు. ఎదుటి వరుసలో ఉన్న తల్లి దీనమ్మకు మాత్రం ముద్ద దిగలేదు. ఎందుకంటే ఆమె కొడుకుకు టైఫాయిడ్ ఎన్నడూ రాలేదు.

అంతకు ముందటేడు ఇంటర్ పరీక్షల తర్వాత ఇస్సాకు మాట్లాడటం మానేశాడు. నిద్ర లేదు, ఆకలి లేదు. స్నానానికి నీళ్లు తోడితే గోడవైపు తిరిగి కూర్చునేవాడు. "నేను లేకుంటే మీకు పీడ పోతది" అన్నాడు ఒకనాడు. డోర్నకల్‌లో ఉండి రైల్వేలో పనిచేసే తండ్రి ఏలియా ఆ మాట విని, సెలవు పెట్టి, కొడుకును హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయాడు. ఇది మనసుకు వచ్చిన జబ్బు, డిప్రెషన్ అంటారు, మందులతో నయమవుతుంది అని అక్కడి డాక్టరు చెప్పాడు. చెప్పినట్టే నెమ్మదిగా నయమైంది.

కాని సంఘానికి ఏం చెప్పాలి? జ్వరం తగ్గినా, పాము కాటుకు బతికి బయటపడ్డా, ఆదివారం అందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పడం వాళ్ల ఆచారం. "పిల్లవాడికి ఒంట్లో బాగలేదు" అని అందరిచేతా ప్రార్థన చేయించుకున్నాక చెప్పక తప్పదు. దీనమ్మ లేచి, టైఫాయిడ్ నుంచి స్వస్థత దొరికిందని చెప్పింది. సంఘం ఆమేన్ అంది. ఆనాటి నుంచి పెళ్లయినా పండుగయినా ఇస్సాకుకు పథ్యం తప్పలేదు.

అది ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు. ఆ కోత పండుగ అయిన కొద్ది రోజులకే పట్టణంలో సైన్యానికి మనుషులను తీసుకునే ఫౌజు భర్తీ జరిగింది. దీనమ్మ వాళ్ల వీధిలోనే ఉండే రిటైర్డ్ హవల్దార్ ఇమాం పాషా పొద్దున్నే పిల్లలను కోట గోడ వెంట పరుగెత్తించేవాడు. అలా తయారైన ఇస్సాకు పరుగులో నెగ్గాడు, ఎత్తులో ఛాతీలో నెగ్గాడు. ఇక మిగిలింది డాక్టరు పరీక్ష. ముందురోజు సాయంత్రం పాషా వీళ్లింటికి వచ్చి చాయ్ తాగుతుండగా దీనమ్మ కొడుకుకు మాట నేర్పుతోంది.

"ఎన్కటి జబ్బులు అడుగుతరట. టైఫాయిడ్ అని చెప్పు. ఇంకో ముచ్చట ఎత్తకు."

ఇస్సాకు చేతిలోని కప్పు కింద పెట్టాడు. "పాషా మామా, నాకు టైఫాయిడ్ రాలే" అంటూ మొదటినుంచి అంతా చెప్పేశాడు. దీనమ్మ తల వంచుకుంది.

ఇమాం పాషా నెత్తి కొట్టుకున్నాడు. "అరే, నేనేమో నీ పేగులు నాజూకని గుడ్డు పెట్టకుండ నానవెట్టిన పెసర్లు తినిపిస్తి గదరా ఇన్ని దినాలు."

ముగ్గురిలో ఇస్సాకు ఒక్కడే నవ్వాడు.

"చెప్తె తీసుకోరు గద అన్నా" అంది దీనమ్మ.

"తీసుకోకపోవచ్చు చెల్లె. ఝూటా ధైర్యం నేను చెప్ప. కని జర సోంచాయించు, ఆలోచన చెయ్. రేపు యాడనో బార్డర్ల ఉంటడు, చేతుల బందూకు ఉంటది. ఆ జబ్బు మల్ల వస్తె ఎవలకు చెప్పుకుంటడు? దాసిపెట్టి భర్తీ అయినోడు ఏ ముఖం పెట్టుకొని దవాఖానకు పోతడు? నువ్వు వానికి నౌకరి ఇప్పిస్తలేవు. నోటికి తాళం ఏసి పంపుతానవ్."

"యూనిఫాం ఏసుకుంటె వాన్ని ఎవ్వలు పిచ్చోడు అనరని నా ఆశ అన్నా."

"ఇప్పుడు ఎవలన్నరు?"

నిజమే, ఆ మాట వీధిలో ఎవరూ అనలేదు. అది దీనమ్మ మనసులోనే తిరుగుతోంది. "నీకు ఏది మంచిదనిపిస్తె అది చెప్పు బిడ్డా" అని మాత్రం అంది.

మర్నాడు మధ్యాహ్నం దీనమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ కూర్చుంది. చెరిగిన బియ్యాన్నే మళ్లీ చెరుగుతోంది. ఎంతసేపటికో పాషా సైకిలు మలుపు తిరిగింది. వెనుక ఇస్సాకు కూర్చుని ఉన్నాడు.

"తీసుకోలేదమ్మా" అన్నాడు దిగుతూనే.

"ఏమని చెప్పినవ్?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పిన. డాక్టరు కూసోవెట్టి అంతా విన్నడు. రూల్ ప్రకారం తీసుకోలేనన్నడు. దవాఖానకు పోయి మంచిపని చేసినవ్, మల్ల ఎప్పుడన్న అట్లనిపిస్తె ఆలస్యం చెయ్యకు అన్నడు. పోయేటప్పుడు చెయ్యి కలిపిండు."

"బాధైతాందా బిడ్డా?"

"కొంచెం. అంత ఉరికిన కాళ్లు గద. కని ఇంట్ల నుంచి పోయేటప్పుడు గుండెల మీద ఉన్న బండ ఇప్పుడు లేదు. ఆకలైతాందమ్మా."

ఆకలి. ఒకప్పుడు ఈ మాట కోసం ఆమె ఎన్ని ప్రార్థనలు చేసిందో ఆమెకే తెలుసు. దీనమ్మ చేట పక్కన పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. కొడుకు ఫౌజుకు పోలేదన్న దుఃఖం కోసం వెతికితే, కొడుకు కళ్ల ముందు ఉన్నాడన్న నిమ్మళమే దొరికింది. పొయ్యి రాజేసి గుడ్లు ఉడకబెట్టింది. పాషా చేతికీ ఒకటి ఇచ్చింది.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ దీనమ్మ మళ్లీ లేచింది.

"నిరుడు నేను అబద్ధపు సాక్ష్యం చెప్పిన. నా బిడ్డకు వచ్చింది టైఫాయిడ్ కాదు, మనసు జబ్బు. దేవుడు నయం చేసిండు, హైదరాబాదు డాక్టరు చేతుల మీదుగ చేసిండు. ఆ డాక్టరుకు దక్కాల్సిన మాట నేను సిగ్గుతోని మింగిన."

ఎవరూ ఆమేన్ అనలేదు. చివరి వరుసలోంచి లిదియమ్మ గొంతు వినబడింది.

"గంతేనా? ఏందే దీనా, గీ ముచ్చటకా పిలగాన్ని యాడాది పొడుగు పప్పుచారుతోని ఎండవెడితివి?"

చర్చి అంతా నవ్వింది. పాస్టరు అయ్యగారు కూడా ఆపుకోలేకపోయారు. ఆ మధ్యాహ్నమే లిదియమ్మ గిన్నె నిండా మేకకూర తెచ్చి ఇస్సాకు ముందు పెట్టి, తినేదాకా కదలలేదు.

ఆమె పోయాక ఎస్తేరు వచ్చింది. అదే సంఘంలోని మనిషి. గడప లోపలికి రాకుండా నిలబడి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, మా చెల్లె గూడ గోడ దిక్కు తిరిగి కూసుంటాంది. గాలి సోకిందని తాయెత్తు కట్టిచ్చినం. ఆ దవాఖాన యాడ?"

దీనమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది. "మా ఇస్సాకు తోలుకపోతడు, వానికి తొవ్వ ఎరుకే" అంది.

ఇస్సాకు ఆ తర్వాత ఐటీఐలో చేరాడు. పొద్దున్నే కోట గోడ వెంట పాషా మామతో పరుగెత్తుతూనే ఉన్నాడు. పాఠకులారా, ఎవరిని చేర్చుకోవాలో ఫౌజుకు దాని నియమాలు దానికి ఉంటాయి. కాని జబ్బుపడి లేచిన మనిషిని సిగ్గుపడమని ఏ నియమమూ చెప్పలేదు. జబ్బు తనంతట తాను వస్తుంది, సిగ్గును మాత్రం మనమే తెచ్చి ఇంట్లో పెట్టుకుంటాం.