ఐదో పడవ

నూకాలు పేరు ఆ కార్టూన్ చివర వచ్చే పేర్లలో లేదు. లేకపోవడమే మంచిదని ఆవిడే అంటుంది. నలభై ఏళ్ల కిందట గవర్రాజుగారు తీసిన ‘నాలుగు పడవలు’ అనే ఆరు నిమిషాల బొమ్మకి రంగులు వేసినవాళ్లలో ఆవిడ ఒకతె. పడవల మీద నంబర్లు రాసే చెయ్యి కదా, గీత దాటదని ఆయన పిలిచి పనిలో పెట్టుకున్నాడు. ఆ చెయ్యే ఒకసారి గీత దాటింది. ఆ సంగతి ఇన్నేళ్లూ ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ పాత బొమ్మను శుభ్రం చేసి మళ్లీ విడుదల చేస్తున్నారట. ఆ పని చేస్తున్న ఇంద్రజ, స్టీల్‌ప్లాంటు క్వార్టర్స్‌లో పెరిగిన గోదావరి పిల్ల, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఫిషింగ్ హార్బర్ వెనక సందులో ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అప్పటి పనివాళ్లలో మిగిలింది నూకాలొక్కతే మరి.

“మామ్మగారూ, ఎవరో కుర్రాడు వీడియో పెట్టాడు. ఈ కార్టూన్‌లో మీరు గమనించని పది విషయాలంటూ. మొదటిదే ఇది. వేటకెళ్లినవి నాలుగు పడవలు, తిరిగొచ్చినవి ఐదు! రంగులేసినోడు తాగి ఉన్నాడేమోనని కింద కామెంట్లలో ఒకటే నవ్వులు.”

“తాగినోడా?” నూకాలుకి చురుక్కుమంది.

“మావాళ్ల తప్పుల జాబితాలో కూడా అదే పెద్దది. సాయంత్రానికల్లా ఐదో పడవ తీసేయమన్నారు. తీసేముందు అసలెలా జరిగిందో అడుగుదామని వచ్చాను.”

నూకాలు నోరు మూసుకుంటే పడవ పోతుంది. నోరు విప్పితే నమ్మి ఇచ్చిన పనిలో దొంగతనం చేసినట్టు బయటపడుతుంది. గవర్రాజుగారు పోయి పదేళ్లయినా ఆయనంటే భయం మాత్రం పోలేదు. రంగులేసే పారదర్శకపు షీటు మీద వేలిముద్ర పడితే పని చేసే షెడ్డు ఎగిరిపోయేలా అరిచే మనిషి ఆయన.

కాసేపు చీర కొంగు నలిపి, చివరికి తెగించింది.

“అది తప్పు కాదమ్మా. నానే గీసినాను.”

ఆ బొమ్మ తీసిన ఏడాది తుపానులో ఆవిడ తమ్ముడు వీరన్న పడవ తిరిగిరాలేదు. జాలరిపేట ఆడవాళ్లు దూరాన ఉన్న పడవను తెరచాపకు వేసిన మాసికను బట్టి పోల్చుకుంటారు. ఎవరింటి మాసిక వారిది. వీరన్న చాపకు తల్లి పోతమ్మ తన ఎర్రచీర ముక్క కోసి కుట్టింది. పడవ పోయాక ఆ ఎరుపు కోసమే రోజూ సముద్రం వైపు చూస్తూ కూర్చునేది. కంట తడి మాత్రం పెట్టలేదు.

“బొమ్మలో నాలుగూ ఇంటికొచ్చేత్తన్నాయి. ఆటికి రంగులేత్తంటే నా కడుపు తరుక్కుపోయీది. అందరూ బువ్వకెల్లినప్పుడు ఒక్కో షీటు మీదా తమ్ముడి పడవ గీసీసినాను, ఎర్ర మాసికతోటి. తొంబైయారు షీట్లు. సారు సూడనేదు.”

బీచిలో తెర కట్టి ఆ బొమ్మ వేసిన రోజున పోతమ్మ “మన సాపే” అంది. అని, మొదటిసారి ఏడ్చింది.

ఇంద్రజ మెల్లగా అడిగింది.

“ఆ షీట్లు ఒక్కొక్కటీ కెమెరా కింద పెట్టి ఫొటో తీసిందెవరు?”

“సారే. ఎవుల్నీ ముట్టనిచ్చీవోరు కాదు.”

“మరి తొంభై ఆరూ ఆయన చేతుల మీదుగానే వెళ్లాయి కదా మామ్మగారూ. చూడకుండా ఎలా ఉంటారు?”

ఇంత చిన్న విషయం నూకాలుకి నలభై ఏళ్లుగా తట్టనే లేదు. భయపడేవాళ్లకు లెక్కలెక్కడ తడతాయి!

ఇంద్రజ ల్యాప్‌టాప్ తెరిచి, పడవలు వచ్చే చోట ఆపి, ఒడ్డును పెద్దది చేసింది. “నిన్ననే ఇక్కడ మసి తుడిచాను. పడవలు బయల్దేరినప్పుడు ఒడ్డున నలుగురు ఆడవాళ్లున్నారు, ఇంటికొకరు చొప్పున. ఇప్పుడు చూడండి.”

నూకాలు కళ్లజోడు పెట్టుకుని వేలితో లెక్కపెట్టింది. ఐదుగురు. నలుగురు నిలబడి చేతులూపుతున్నారు. ఐదో ఆవిడ బోర్లించిన చేపలబుట్ట మీద కూర్చుని, మోకాలి మీద మోచెయ్యి ఆన్చి చూస్తోంది. సరిగ్గా అలాగే పోతమ్మ ఆ ఏడంతా సాయంత్రాలు షెడ్డు గుమ్మం దగ్గర కూర్చుని, పని ముగించుకుని వచ్చే కూతురి కోసం చూసేది. వెళ్తూ వస్తూ గవర్రాజుగారు ఆవిడను దాటుకునే నడిచేవాడు.

“ఓలమ్మా! ఒడ్డు బొమ్మ సారే ఏసీవోరు. ఇంకెవులూ ఎయ్యనేదు.” ఆవిడకి అంతలోనే కోపమొచ్చింది. “నలబయ్యేళ్లు దొంగనాగ బతికినాను. ఒక్క మాట సెప్పుంటే ఏటి పోయీది ఆ మారాజుకి?”

ఇంద్రజ తప్పుల జాబితాలో ఐదో పడవ వరుస చెరిపేసింది. ఆఫీసులో తనే మాట్లాడుకుంటానంది. లేవబోతూ ఆగింది.

“మీ అమ్మగారు ఆ రోజు బీచిలో తనని తను చూసుకున్నారా?”

నూకాలు తెర మీది బుట్టను వేలితో తడుముతూ తల అడ్డంగా ఊపింది.

“నేదమ్మా. మాయమ్మ కూడా పడవలే సూసింది.”