లెక్కకు రాని చెయ్యి

మా సంఘం తీర్మానాల పుస్తకం పదకొండేళ్లు నేనే రాశాను. నేను ఆర్టీసీ బస్సు డ్రైవర్ని. స్టీరింగ్ పట్టే చేతికి కలమెందుకని మావాళ్లు నవ్వేవారు గానీ, డిపో మొత్తంలో అక్షరాలు గుండ్రంగా వచ్చేది నాకొక్కడికే. ఆ పుస్తకంలో ఏ పేజీ తిప్పినా చివర ఒకటే మాట ఉంటుంది: ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. మేమంతా ఎప్పుడూ ఒకే మాట మీద ఉంటామని కాదు. ఎవడైనా అడ్డం తిరిగేలా ఉంటే మీటింగుకు ముందే వాణ్ణి క్యాంటీన్‌కు తీసుకెళ్తాం. చాయ్ ఇప్పిస్తాం. భుజం మీద చెయ్యి వేసి మాట్లాడతాం. కప్పు ఖాళీ అయ్యేలోపు మనిషి మెత్తబడతాడు. మా ఏకగ్రీవాలన్నీ అట్లా కుదిర్చినవే. ఇందులో తప్పుందని నాకు రెండువేల పదకొండు అక్టోబరు దాకా తోచలేదు.

అది సకల జనుల సమ్మె కాలం. బడులు, ఆఫీసులు, బస్సులు అన్నీ బంద్. తెలంగాణ వచ్చేదాకా బండి గేటు దాటదని ఒట్టు పెట్టుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో మా డిపో గేటు ముందర టెంటు వేశాం. రోజుకు పదిమంది రిలే దీక్ష. పొద్దున మెడలో దండ వేసుకుని కూర్చోవాలి, సాయంత్రం ఎవరైనా పెద్దమనిషి నిమ్మరసం ఇస్తే తాగి లేవాలి. రోజుకో పెద్దమనిషిని ఎక్కడని పట్టుకొస్తాం? నాలుగోరోజు నేనే రాములమ్మను తీసుకొచ్చాను.

రాములమ్మది నల్లగొండ జిల్లాలో మా పక్క ఊరు. చంపాపేట్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఒక్కడే కొడుకు, మధు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు కోచింగ్ తీసుకునేవాడు. ఇస్తామన్న తెలంగాణను వెనక్కి తీసుకున్నారని కుమిలి కుమిలి, సమ్మెకు ముందు ఏడాది ఒక చీటీ రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడు. ఇరవై మూడేళ్లవాడు. నేను పిలవడానికి వెళ్లిన రోజున ఆమె బియ్యం ఏరుతూ ఉంది.

"నేనొచ్చి ఏం జేస్త తమ్మీ? సదువు రానిదాన్ని."

"నిమ్మరసం ఇయ్యి, చాలక్కా. నీ చేతితోని ఇస్తె మావోళ్లు గట్టిగ నిలబడ్తరు. ఇగ నువ్వు గూడ మా సంఘం మనిషివే."

ఆ మాట నేను ఊరికే అన్నాను. ఆమె మాత్రం ఊరికే వినలేదు.

ఆరోజు నుంచి ఒక్కనాడూ తప్పలేదు. బస్సులు లేవు కదా, ఆపింది మేమే కదా, హాస్టల్లో పొద్దుటి వంట ముగించుకుని చంపాపేట్ నుంచి సరూర్‌నగర్ చెరువు కట్ట మీదుగా నడిచి వచ్చేది. గుడ్డసంచిలోంచి మధు ఫోటో తీసి కుర్చీలో నిలబెట్టేది. సాయంత్రం నిమ్మకాయలు తనే కోసి, తనే పిండేది. పిండి పిండి వేళ్ల సందులు ఒరిసిపోయాయి. "ఎవలన్న పిండుతరు, నువ్వు కూసో అక్కా" అంటే వినేది కాదు.

నెల దగ్గరపడుతుండగా ఒప్పందం కాగితం వచ్చింది. చర్చలకు వెళ్లిన మా డిపో కార్యదర్శి విశ్వేశ్వరరావు తెచ్చాడు. కేసులు ఎత్తేస్తారు, సమ్మె రోజుల్ని సెలవుగా చూస్తారు, ఎవరి ఉద్యోగమూ పోదు. రెండుసార్లు చదివాను. మూడోసారి వేలు పెట్టి చదివాను. తెలంగాణ అన్న మాట అందులో ఎక్కడా లేదు.

రెండు రోజులు ఊరంతా ఇదే రచ్చ. టీవీలో ఒకాయన మేము అమ్ముడుపోయామన్నాడు, ఇంకొకాయన అలసిపోయామన్నాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో మా నాయకుల ఫోటోలకు ఎవరో చెప్పులదండ వేశారు. వేసినవాళ్లు ఒక్కపూటైనా పస్తున్నారా అని నాకు ఒళ్లు మండింది. అదే నోటితో, మేము చేస్తున్నది సిగ్గుమాలిన పనేనని ఇంట్లో నా భార్యతో నేనే అన్నాను. ఆరోజుల్లో నా బుర్ర అట్లా ఉండేది, పొద్దున ఒకటి, రాత్రికి ఒకటి.

ఒప్పుకోవాలా వద్దా తేల్చడానికి మూడోరోజు గేటు మీటింగ్ పెట్టారు. రాములమ్మ అందరికంటే ముందే వచ్చి నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, ఇయ్యాల అందరి మాట రాస్తరంట గద. నా మాట గూడ రాయి నీ పుస్తకంల. నేను ఒప్పుకోలేదని రాయి. గంతే."

నేను వెళ్లి విశ్వేశ్వరరావుకు చెప్పాను. ఆయన మాకు అలవాటైన పనే చేశాడు. ఆమెను క్యాంటీన్‌కు తీసుకెళ్లాం. చాయ్ తెప్పించాం. ఇది విరమణ కాదు, వాయిదా అని ఆయన మెల్లగా నచ్చజెప్పాడు. ఆమె అంతా వింది. కప్పు ముట్టలేదు. చాయ్ మీద మీగడ కట్టింది.

"గీ చాయ్ తాగితె ఒప్పుకున్నట్టేనా సారూ?" అంది.

మా పద్ధతి నెల్లాళ్లలో ఆమెకు తెలిసిపోయింది. విశ్వేశ్వరరావు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

నేను అందుకున్నాను. "నువ్వు ఒప్పుకోకుంటె బండ్లు ఆగుతయా అక్కా?"

"ఆగయ్. నాకెరికే. కండక్టర్ కిష్టమ్మ మొగడు నెల సంది దవాఖానలున్నడు. మీకు పిల్లలున్నరు. మిమ్ముల పనిలకు పోవద్దంటలేను. నేను ఒప్పుకున్ననని మాత్రం రాయకుండ్రి. రేపు నా కొడుక్కు నేనేం జెప్పుకోవాలె?"

మీటింగ్ గంటసేపు సాగింది. కిష్టమ్మ లేచి మాట్లాడలేక ఏడ్చింది. "ఇన్ని దినాలు సచ్చినం, కాగితంల ఏమున్నది?" అని ముందురోజు గొంతు చించుకున్న కుర్రాళ్లు ఆరుగురు ఒక మూల నిలబడి నేల చూస్తున్నారు. వాళ్ల చాయ్ పొద్దున్నే అయిపోయింది.

ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు విశ్వేశ్వరరావు. ముందు ఇద్దరు, తర్వాత ఇరవైమంది, తర్వాత గేటు ముందరంతా చేతులే. నేనూ ఎత్తాను. అలసిపోయాను, భయపడ్డాను, ఇంటికి పోవాలనిపించింది. ఇంతకంటే గొప్ప కారణం నాకేమీ లేదు.

ఎత్తనిది ఒక్క సాంబమూర్తి. నా బండికి పదకొండేళ్లుగా ఆయనే కండక్టరు. మచిలీపట్నం వైపు మనిషి. ఎటు ఎత్తినా ఆంధ్రావాడి చెయ్యి అంటారని చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు. చూసీ చూడనట్టు వదిలేశాం.

"వద్దనేటోళ్లు?" అన్నాడు విశ్వేశ్వరరావు. ఊరికే, మాటవరసకు.

టెంటులోంచి ఒక చెయ్యి లేచింది. ఒరిసిపోయిన వేళ్లు.

విశ్వేశ్వరరావు టెంటు వైపు తిరిగి, "అమ్మా, నీకు ఓటు లేదు. నువ్వు సభ్యురాలివి కావు" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన కూడా నలిగాడు, అబద్ధం చెప్పను. నిబంధన ప్రకారం అది నిజం.

రాములమ్మ ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది. నువ్వు మా సంఘం మనిషివేనని ఆమె గదిలో కూర్చుని చెప్పినవాణ్ణి నేనే కదా. నేను పుస్తకం మీదకు వంగాను. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది అని రాశాను. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

ఆ సాయంత్రం ఆఖరి దీక్ష విరమణకు పత్రికలవాళ్లు కెమెరాలు పట్టుకుని నిలబడ్డారు. నిమ్మరసం ఎవరిస్తారు? ఆమెను అడిగే మొహం ఎవరికీ లేదు. ఆమె తనే లేచింది. నిమ్మకాయలు కోసింది, పిండింది, దీక్షలో ఉన్న పదిమందికీ పది గ్లాసులిచ్చింది. "తాగు బిడ్డా, పొద్దుగాల్నుంచి కడుపుల ఏం లేదు" అని కిష్టమ్మ తల నిమిరింది. కోపంగా ఇచ్చినా బాగుండేది. తిట్టినా బాగుండేది.

కెమెరాల కోసం విశ్వేశ్వరరావు ఇంకో గ్లాసు తీసుకెళ్లి మధు ఫోటో ముందు పెట్టాడు. ఆమె వచ్చి దాన్ని తీసి బకెట్లో పోసేసింది.

"వీనికి వద్దు సారూ. వీడు తెలంగాణ అచ్చినంక తాగుతడు."

ఫోటోను సంచిలో పెట్టుకుని నడుచుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున నాకూ సాంబమూర్తికీ చంపాపేట్ మీదుగా ఎల్బీనగర్ వెళ్లే బండి వేశారు. నెల తర్వాత బస్సు చూసి జనం ఎగబడ్డారు. కొందరు దండం పెట్టారు, ఒకడు ఉమ్మేశాడు. చంపాపేట్ బజారు దాటగానే రోడ్డు పక్కన రాములమ్మ కనిపించింది. భుజాన గుడ్డసంచి. ఎల్బీనగర్‌లో ఇంకా ఎత్తని టెంటు ఒకటుందట, అక్కడికి పోతోంది. మాదీ అదే దారి. బండి ఆమె పక్కన ఆపాను. సాంబమూర్తి తలుపు దగ్గరికి వచ్చి, "ఎక్కండమ్మా, ఎండెక్కిపోతోంది" అన్నాడు.

ఆమె బస్సును కిందనుంచి పైదాకా చూసింది.

"నాకింకా బందే తమ్మీ. నువ్వు పో" అంది నాతో.

"అక్కా, ఎంతదూరమని నడుస్తవు?"

"నెల దినాలు నడువలేదా?"

వెనకాల ఆటోలు హారన్లు కొడుతున్నాయి. బండి కదిలించాను. అద్దంలో ఆమె కాసేపు కనిపించింది. తలవంచుకుని, తొందర లేకుండా, రోజూ మా టెంటుకు వచ్చిన నడకే. మలుపు తిరిగాక కనిపించలేదు. నాకు రోడ్డు కూడా సరిగ్గా కనిపించలేదు.

ఎల్బీనగర్‌లో జనం దిగిపోయాక సాంబమూర్తి నా సీటు పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నిన్న నా చెయ్యి నేనెత్తలేదు కదా జానయ్యా. ఆ ఓటు ఆవిడ పేర రాసేస్తే కుదురుద్దా?"

నేను స్టీరింగ్ మీద తలపెట్టి ఏడ్చాను. అదేం పిచ్చి ప్రశ్నో ఆయనకు తెలుసు. సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా సంఘం ఆఫీసుకు వెళ్లాను. ఏకగ్రీవంగా అన్న ఆ ఒక్క మాట కొట్టేసి, రాములమ్మ తప్ప అని రాద్దామనుకున్నాను. పుస్తకం లేదు. సంతకాలు పెట్టి ముద్ర వేసి పెద్దాఫీసుకు పంపించేశారు. బల్లమీద కొత్త పుస్తకం ఉంది, అన్నీ తెల్లకాగితాలే. నేను మళ్లీ అందులో రాయలేదు.

రెండున్నరేళ్ల పైన గడిచాక తెలంగాణ వచ్చింది. ఆ పొద్దున డిపోలో స్వీట్లు పంచుతుంటే నేను నాలుగు నిమ్మకాయలు కొనుక్కుని చంపాపేట్ వెళ్లాను. రాములమ్మ అదే గదిలో ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నా చేతిలో నిమ్మకాయలు చూసి కత్తిపీట తెచ్చుకుంది. రసం పిండి, చక్కెర కలిపి, గ్లాసు మధు ఫోటో ముందు పెట్టింది. గల్లీలో పిల్లలు టపాకాయలు కాలుస్తున్నారు.

"తాగు కొడుకా, అచ్చింది" అంది. కళ్లు తుడుచుకుని నావైపు తిరిగింది.

"తమ్మీ, గానాడు నా మాట రాసినవా పుస్తకంల?"

రాశానని చెప్పొచ్చు. ఆమెకు చదువు రాదు, పుస్తకం ఆమె చూడబోదు. నేను తల దించుకున్నాను. ఆమె ఇంకోసారి అడగలేదు. మిగిలిన రసం ఇంకో గ్లాసులో పోసి నా చేతికిచ్చింది. తాగలేక తాగాను.

ఆ పుస్తకం ఇప్పుడు ఏ బీరువాలో ఉందో తెలియదు, చెదలు తిన్నాయో తెలియదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆనాటి తీర్మానం ఏకగ్రీవం కాదు. చంపాపేట్ రాములమ్మ ఒప్పుకోలేదు.