గోడ నుంచి పదకొండడుగులు

బుధవారం పొద్దున్నే ఆమె చీపురు పట్టుకుని ఆరోగ్య కేంద్రం డాబా ఎక్కింది. మర్నాడు బహుమతి కమిటీ వస్తోంది. ఆ ఏడాది ఊళ్లో కట్టిన భవనాల్లో గొప్ప నిర్మాణానికిచ్చే బహుమతి అది. చివరికి మిగిలిన మూడింట్లో ఆమె భవనం ఒకటి. ఇరవై ఆరేళ్లుగా లెక్కలన్నీ తను వేసి, సంతకాలు వేరేవాళ్లు పెడుతుంటే చూస్తూ ఊరుకున్న ఇంజనీరు ఆమె. ఈ ఒక్క నక్షా అడుగున మాత్రమే ఆమె పేరుంది.

వారం రోజులుగా ఇంట్లో సందడి పెళ్లిని తలపిస్తోంది. భర్త బూట్లకి రెండుసార్లు పాలిష్ పెట్టాడు. “బహుమతి నీకే గానీ, పక్కన నిలబడేవాడు కూడా కాస్త చూడ్డానికి బాగుండాలిగా!” అన్నాడు.

అందరి కళ్లూ భవనం ముందున్న కప్పు మీదే. గోడలోంచి పదకొండడుగులు బయటికి చాచుకుని ఉంటుంది. కింద ఒక్క స్తంభం లేదు. టీకాల రోజున పసిపిల్లల తల్లులు దాని నీడనే కూర్చుంటారు.

ఆ కప్పు మీద ఎండుటాకులు ఊడుస్తుంటే, అది గోడకి కలిసేచోట సన్నని గీత కనిపించింది. వెంట్రుకేమోనని చీపురుతో తోసింది. కదల్లేదు. గొంతుక్కూర్చుని గోరు ఆనించింది. గోరు దిగింది. ఆ గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది.

ఇలా చాచిన కప్పుకి ప్రాణమంతా పైభాగాన పరిచిన ఇనుప కడ్డీల్లో ఉంటుంది. చాపిన చేతిలో బరువు పెడితే నొప్పి భుజం మీద పుట్టినట్టే. పైన పగిలిందంటే కడ్డీలు ఉండాల్సిన చోట లేవన్నమాట.

కడ్డీలు కట్టిన మేస్త్రిని పిలిపించింది. అతను నవ్వుతూ ఎక్కొచ్చాడు. “రేపు దండలేయించుకునే మనిషి ఇవాళ మొహం వేలాడేసుకున్నారేంటి ఇంజనీరమ్మా?”

ఆమె వేలితో చూపించింది. అతని నవ్వు ఆగిపోయింది.

“నువ్వు కడ్డీలు పైనే కట్టావు. నేను టేపు పెట్టి కొలిచాను. మరి ఎలా దిగాయి?”

మేస్త్రి తలెత్తలేదు. “మీరు కొలిచాకే కదమ్మా ఫోటో దిగాం.”

బహుమతి దరఖాస్తుకి పని జరుగుతుండగా తీసిన ఫోటో ఒకటి కావాలన్నారు. “అందరూ రండర్రా, ఒక్కరు తగ్గినా ఒప్పుకోను,” అని పిలిచింది ఆమే. ఇరవై రెండు మంది ఆ కడ్డీల మీద ఎక్కి నిలబడ్డారు. ఇంతలో కాంక్రీటు లారీ వచ్చి గేటు దగ్గర హారన్ మోగించడం మొదలుపెట్టింది. ఆమె మళ్లీ కొలవలేదు.

ఇంటికెళ్లి దరఖాస్తు ప్రతి తీసి, అందులో ఆ ఫోటో చూసింది. బూట్ల కింద కడ్డీలు కుక్కి మంచంలా కుంగి ఉన్నాయి. మధ్యలో ఆమె, అందరికన్నా ఎక్కువగా నవ్వుతూ.

కమిటీ పెద్దాయన ఆమెకి చదువు చెప్పిన మాస్టారే. ఫోన్లో అంతా విన్నాడు.

“వెంట్రుకంత పగులు లేని కప్పేదో చూపించమ్మాయ్ నాకు. కాస్త సిమెంటు పూసెయ్. రేపటి పని కానిచ్చి, ఎల్లుండి చూసుకుందాం.”

“రేపు టీకాల రోజు మాస్టారూ.”

“అయితే దరఖాస్తు వెనక్కి తీసుకో. కారణం రాసివ్వాలి. ఆ కాగితం ఊరంతా చదువుతుంది, ఆలోచించుకో.”

భర్త పక్కనే నిలబడ్డాడు. “మేస్త్రి తప్పని రాసెయ్. వాడికి పోయే పరువేముంది?”

“పరువు కాకపోయినా కూడు పోతుంది.”

మూడు వాక్యాలు రాసింది. ‘కడ్డీలు కొలిచాక మనుషుల్ని వాటి మీదికి నేనే ఎక్కించాను. మళ్లీ కొలవలేదు. తప్పు నాది.’ భర్త చదివాడు. వెళ్లి, బూట్లు మంచం కిందికి తోసేశాడు.

సాయంత్రానికి మేస్త్రి కప్పు కింద ఆసరాగా ఇనుప పోట్లు నిలబెట్టి, చుట్టూ తాడు కట్టాడు.

“నా పేరు రాశారా అమ్మా?”

“లేదు.”

“రాయాల్సింది. నేనూ నవ్వుతూనే నిలబడ్డాను.”

గురువారం కమిటీ రాలేదు. కబురు మాత్రం ఊరంతా పాకింది. “స్తంభాల్లేకుండా కడితే గాల్లో నిలబడుతుందా?” అని ఒకరు, “లెక్క తప్పిందట,” అని ఒకరు. ఆమె లెక్క తప్పలేదు. ఆ మాట ఎవరితో చెప్పుకున్నా సాకులాగే ఉంటుంది. పదకొండు గంటలకల్లా ఆమెకి పనిచ్చే రెండు ఆఫీసుల వాళ్లు ఫోన్ చేసి, ఆమె దగ్గరున్న తమ నక్షాలు తిరిగి పంపెయ్యమన్నారు.

తల్లులు తాడు అవతల ఎండలో వరసగా కూర్చున్నారు. ఎవరైనా లోపలికి వస్తారేమోనని ఆమె కాపలా నిలబడింది.

“కాస్త నీడలో కూర్చోనివ్వండమ్మా, పిల్ల కమిలిపోతోంది,” అంది ఒకావిడ.

“వద్దమ్మా. అది పడిపోవచ్చు.”

“ఏ మహానుభావుడు కట్టాడో! వాడికసలు పిల్లలున్నారా?”

“కట్టింది నేనేనమ్మా.”

ఆవిడ ఆమెని ఎగాదిగా చూసింది. కొంగు లాగి పిల్ల మొహాన కప్పింది. లేచి, ఎండలోనే నాలుగడుగులు అవతలికి జరిగి కూర్చుంది. జరిగింది కప్పుకి దూరంగా కాదు, ఆమెకి దూరంగా.