అరవై ఇళ్ల పుస్తకం

అక్క పుస్తకం అడగ్గానే తీసి ఇచ్చేసింది. అదే ఆమె చేసిన బుద్ధితక్కువ పని. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్లు మండేది, ముందు అక్క మీద, ఆపైన తన మీద.

అక్కంటే తోడబుట్టింది కాదు, పెద్దమ్మ కూతురు. ఎనిమిదేళ్ల కిందట ఈమెను కంపెనీలో చేర్పించింది ఆవిడే. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పొడి, గచ్చు తుడిచే మందు. ఆ కంపెనీ సరుకు దుకాణాల్లో దొరకదు, మనుషులే ఇంటింటికీ మోసుకెళ్లి అమ్మాలి. ఈమె మోసింది. లిఫ్టు లేని మేడలు ఎక్కి దిగి మోకాళ్లు అరగదీసుకుంది. వీధిలో అందరూ సబ్బులమ్మ అనేవారు. అరవై ఇళ్లు ఆమెవి, ఆ అరవై ఇళ్లే ఆమెకు అన్నం పెట్టేవి.

అక్క సబ్బు మోసి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. ఆవిడ మనుషుల్ని చేర్పిస్తుంది, వాళ్లు మోస్తారు, వాళ్ల అమ్మకంలో ఆవిడకు వాటా. "సరుకు అమ్మితే ఆ పూట గడుస్తుంది. మనుషుల్ని చేరిస్తే వ్యాపారం నిలబడుతుంది, గాలివానొచ్చినా కదలదు" అని ప్రతి మీటింగులోనూ చెప్పేది. గాలివానకు తడిసేది మాత్రం కిందున్నవాళ్లే. సబ్బులమ్మ ఎనిమిదేళ్లలో ఒక్కరినీ చేర్పించలేదు.

"నీ పుస్తకం రెండ్రోజులివ్వవే. కస్టమర్లను ఎలా చూసుకోవాలో కొత్తవాళ్లకు చూపిస్తాను" అంది అక్క. మెచ్చుకోలు ఎవరికి చేదు?

ఆ పుస్తకంలో ఇంటికో పేజీ. ఎవరికి ఏ సబ్బు, ఎప్పటికి అయిపోతుంది అన్నవే కాదు. ఈయనకు ఘాటు వాసన పడదు. అత్తగారు పక్కనుంటే ధర చెప్పొద్దు. అన్నీ గుర్తుండవు కాబట్టి రాసుకుంది. గుమ్మం ముందుకు వెళ్లేలోపు మెట్ల మీద ఆగి ఓసారి చూసుకునేది.

తర్వాతి వారం సంచి భుజాన వేసుకుని మొదటి ఇంటికి వెళ్లింది. టైలరమ్మ మిషను పక్కన, కొత్తగా చేరినవాళ్లు డబ్బు కట్టి తెచ్చుకునే కంపెనీ సరుకు పెట్టె ఉంది, సీలైనా విప్పలేదు.

"నేనూ చేరాను వదినా. మీ అక్కగారొచ్చారు." టైలరమ్మ తలెత్తలేదు. "నాకు చూపు ఆనడం లేదని నీకొక్కదానికే చెప్పాను. ఆవిడకెలా తెలిసింది? ఇంకో రెండేళ్లకు ఎలాగూ కుట్టలేవు, ఇప్పుడే ఇందులో దిగు అంది. ఈ మాట బయటికి పొక్కితే నాకు జాకెట్టు ముక్క ఇచ్చేవాళ్లుంటారా?"

పక్కింట్లోనూ పెట్టె. ఎదురింట్లోనూ పెట్టె. మధ్యాహ్నానికి పదకొండు పెట్టెలు లెక్క తేలాయి. వీధి వీధంతా అమ్మేవాళ్లే అయితే ఇక కొనేదెవరు, గోడలా?

మూడో అంతస్తులో రిటైరైన నర్సమ్మ తలుపు కాస్త తీసింది. గొలుసు మాత్రం తీయలేదు.

"మా చెల్లెలికీ నాకూ మాటల్లేవని రాసుకున్నావట. మీ అక్క చదివింది. ఒంటరిగా ఉన్నారు, మా మీటింగులకు రండి, కాలక్షేపమవుతుంది అంది. నీతో కబుర్లు చెబుతున్నాననుకున్నానే పిచ్చిదాన్ని." తలుపు మూసేసింది.

సబ్బులమ్మ మెట్లు దిగింది. తిన్నగా అక్క మీటింగు గదికి వెళ్లింది. పాతికమంది కొత్తవాళ్లు కుర్చీల్లో కూర్చుని రాసుకుంటున్నారు. బల్ల మీద ఆమె పుస్తకం, దాన్నిండా అంటించిన పచ్చ చీటీలు.

"నా పుస్తకం ఇటివ్వు."

"కూర్చో, అయ్యాక మాట్లాడదాం."

"తిన్నింటి వాసాలు లెక్కబెట్టావు. టైలరమ్మ కళ్లు నీకు పెట్టుబడా? సిగ్గు లేదూ?"

అక్క గొంతు పెంచలేదు. "ఇందులో నేనొక్క అక్షరం రాశానా? వాళ్ల కడుపులో మాట లాగింది నువ్వు, రాసింది నువ్వు, చదువుకుని వెళ్లి సబ్బు అమ్మింది నువ్వు. నేను చదివాను, అంతే."

ఆ మాటకు సబ్బులమ్మ కోపం రెండింతలైంది. పుస్తకం లాక్కుని కొత్తవాళ్ల వైపు తిరిగింది.

"పెట్టెలు విప్పకముందే వెనక్కిచ్చేయండి. ఒక్క మా వీధిలోనే పదకొండు పెట్టెలున్నాయి. కొనేవాడు ఒక్కడు కనిపిస్తే నాకూ చూపించండి."

బయటికొచ్చి పచ్చ చీటీలు పీకేసింది. మంట చల్లారలేదు. అక్కను నాలుగు వీధుల్లో కడిగేసినా, అక్క అన్న మాట అక్కడే ఉంటుంది. ఒక్కో పేజీ చింపడం మొదలుపెట్టింది. ఎవరిది వాళ్లకిచ్చేయాలి. టైలరమ్మ తన పేజీ తీసుకుని మడిచి జాకెట్లో దోపుకుంది. మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు.

నర్సమ్మ పేజీని గొలుసు సందులోంచి అందించింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నిలబడే చదివింది. అంతా చదివాక గొలుసు తీసింది.

"ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో ప్రతి రోగి గురించీ రాశాను. రాయడం తప్పని ఎవరన్నారు? కానీ ఆ కాగితం మంచానికే వేలాడేది. నా సంచిలో వేసుకుని ఊరంతా తిరగలేదు. కూర్చో."

సబ్బులమ్మ కూర్చుంది. నర్సమ్మ ఆ కాగితాన్నే వెనక్కి తిప్పి పెన్ను తీసింది.

"ఇప్పుడు నీ సంగతి చెప్పు. నేను రాసుకుంటాను."

"నా సంగతేముందమ్మా."

"ఎనిమిదేళ్లు ఇదే మాట అన్నావు. చెప్పు."

"కోపంగా ఉంది. మా అక్క మీద."

"అది మీ అక్క సంగతి."

సబ్బులమ్మ సంచి భుజం మీంచి దించింది.

"నా మీద" అంది సబ్బులమ్మ. నర్సమ్మ రాసుకుంది.

"ఇంకా?"

"మీరు మళ్లీ తలుపు తీయరేమోనని భయంగా ఉంది. ఆ భయం సబ్బు కోసమో మీ కోసమో నాకే తెలీదు."

నర్సమ్మ దాన్నీ రాసింది. ఒక్క మాటా మార్చకుండా, నిదానంగా. కాగితం మడిచి తన సొరుగులో పెట్టుకుంది.

"ఇంట్లో ఉన్న సబ్బు ఇంకో వారం వస్తుంది" అంది. "తర్వాత సంగతి అప్పుడు చూద్దాం."