తోక ఉంటే మాట, బుడగలుంటే మనసు

నాకు అన్నింటికన్నా ఎక్కువ భయం ఒకటే: నాకు చదవడం సరిగా రాదని నా కూతురికి తెలిసిపోవడం. మా ఆయన లారీ రావడం ఆలస్యమైతే భయపడతాను, పిల్లకి ఒళ్లు వెచ్చబడితే భయపడతాను. అవి వచ్చిపోయే భయాలు. ఇది మాత్రం పొద్దున లేచిన దగ్గర్నుంచీ కొంగు పట్టుకుని నా వెనకే తిరుగుతుంది.

ఐదో తరగతి సగంలో నా బడి ఆగిపోయింది. తమ్ముడు పుట్టాడు, వాణ్ని ఎత్తుకోవడానికి చేతులు కావలసి వచ్చాయి, ఇంట్లో ఖాళీగా కనిపించిన చేతులు నావే. అక్షరాలు వచ్చు. చిన్న మాటలైతే సాగిపోతాను. రెండు ఒత్తులు ఒకదాని వెనక ఒకటి వస్తే పంటి కింద రాయి పడ్డట్టు ఆగిపోతాను.

నా కూతురికి ఆరేళ్లు. ఇంట్లో చిట్టెలుక అంటాం. ఏ కాగితం దొరికినా వదలదు. మా వీధి చివర గ్రంథాలయంలో పిల్లల గది ఉంది, అందులో పాత కామిక్స్ ఉన్నాయి. ఏటేటా వచ్చిన క్రిస్మస్ ప్రత్యేక సంచికలన్నీ కలిపి కుట్టిన లావు పుస్తకం ఒకటుంది. చిట్టెలుకకి అదంటే ప్రాణం. అందులోనూ దీపస్తంభం కథ.

సముద్రం మధ్య రాతి మీద దీపస్తంభం, అందులో ఒక ముసలి కాపలాదారు. వారానికోసారి పడవవాడు వచ్చి రొట్టెల బుట్ట తాడుకి కడితే, ఆయన పైకి లాక్కుంటాడు. క్రిస్మస్ రోజు గాలివాన వచ్చేలా ఉంటుంది. పడవవాడు బుట్ట కట్టి వెళ్లిపోతూ, సగం దూరంలో పడవ తిప్పి వెనక్కి వస్తాడు. ఇద్దరూ కలిసి భోంచేస్తారు. అంతే కథ.

నేను దాన్ని బొమ్మలు చూసి సగం, అక్షరాలు చూసి సగం, మిగతాది నా సొంతంగా చెప్పేదాన్ని. గొంతు మార్చేదాన్ని. కాపలాదారుకి బొంగురు గొంతు, పడవవాడికి ముక్కు గొంతు. బొమ్మ పక్కన గుండ్రంగా గీసిన గీత లోపల ఏముంటే అదంతా ఆ మనిషి అన్న మాటే అనుకునేదాన్ని. "నువ్వెళ్లు నాయనా, నాకేం, బాగానే ఉన్నాను, అన్నాడు. ఈ ఒక్క రోజైనా పైకొచ్చి నాతో కూర్చుంటే బాగుండు, అన్నాడు." అందుకే పడవవాడు తిరిగొచ్చాడని నా లెక్క.

క్రిస్మస్ సెలవులకి ముందు గ్రంథాలయంలో ఒక శనివారం పెద్దవాళ్లు పిల్లలకి తమకిష్టమైన క్రిస్మస్ కథ చదివి వినిపిస్తారు. పేర్లు రాసే కాగితం గోడకి అంటించి ఉంటుంది. ఒకరోజు పిల్లని తీసుకెళ్లడానికి వెళ్తే, అక్కడ పనిచేసే పుస్తకాలత్త నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఏమమ్మా, దీపస్తంభం కథ నీదేనట కదా! మీ అమ్మాయి నీ పేరు రాసేసింది. అక్షరం పొల్లు పోలేదు."

"అమ్మ గొంతులు మార్చి మార్చి చదువుతుంది అత్తా," అంది చిట్టెలుక, నా చెయ్యి ఊపుతూ. "నువ్వే చూస్తావుగా!"

కొట్టేయమని చెబుదామని కాగితం దగ్గరికి వెళ్లాను. నా పేరు అంత పెద్ద అక్షరాలతో నేనెప్పుడూ చూడలేదు. దాని వేలిముద్ర కూడా పడి ఉంది పక్కన, పెన్సిలు మసి. కొట్టేయమనలేకపోయాను. ఇంకా ఎనిమిది రోజులున్నాయి. పెళ్లి బట్టలే ఎనిమిది రోజుల్లో కుడతారు, ఒక కథ చదవలేనా అనుకున్నాను.

నేను బట్టల కార్ఖానాలో కాజాలు తీస్తాను, గుండీలు కుడతాను. మధ్యాహ్నం భోజనానికి ముప్పావు గంట ఇస్తారు. మర్నాడు ఆ ముప్పావు గంటలో ఆ లావు పుస్తకం పట్టుకుని గ్రంథాలయం వెనక గదికి వెళ్లాను. అక్కడ జిగురు తాత కూర్చుని చిరిగిన పుస్తకాలు బాగుచేస్తుంటాడు. ఆ గది ఎప్పుడూ ఉడికిన మైదా వాసన వేస్తుంటుంది. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతాడు కాబట్టి ఆయన వేళ్ల చివర్లు నీలంగా ఉంటాయి.

"తాతా, ఈ కథ చదవడం నేర్పండి," అన్నాను గడపలోనే నిలబడి. ఆ మాట బయటికి రావడానికి వీధి మలుపు నుంచి సాధన చేశాను.

ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఏం, నీకు చదవడం రాదా?"

"సగం వచ్చు."

"ఈ పుస్తకం కూడా సగమే వచ్చింది నా దగ్గరికి. కుట్టాక మొత్తమైంది. కూర్చో తల్లీ."

మొదటి రోజే నా బండారం బయటపడింది. నేను కాపలాదారు మాటలు బొంగురు గొంతుతో చదువుతుంటే తాత బ్రష్ కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఆగాగు! అది ఆయన అనలేదే!"

"ఇదిగో, ఇక్కడ రాసుంది కదా?"

"రాసుంది. కానీ గీత చూడు. ఇక్కడ నున్నగా ఉండి కింద తోక ఉంది. తోక ఎవరి నోటి వైపుంటే వాళ్లు అన్న మాట. దీని అంచు మబ్బులా లేదూ? కింద చిన్న చిన్న బుడగలున్నాయి. ఇది మనసులో అనుకున్నది. తోక ఉంటే మాట, బుడగలుంటే మనసు."

నేను పేజీ వంక చూస్తూ ఉండిపోయాను. "నువ్వెళ్లు నాయనా, నాకేం" అన్నదానికి తోక ఉంది. "ఈ ఒక్క రోజైనా నాతో కూర్చుంటే" అన్నదాని కింద మూడు బుడగలు.

"అయ్యో తాతా! రెండేళ్లుగా ఈ ముసలాయన మనసంతా బజారున పెట్టాను!"

"పోన్లే, ఆయన గుండె బరువు తగ్గి ఉంటుంది," అన్నాడు తాత, కళ్లు తుడుచుకుంటూ.

"మరి అనకపోతే పడవవాడు ఎందుకు తిరిగొచ్చాడు?"

"అది నువ్వే వెతుక్కో. బొమ్మలోనే ఉంది," అని జిగురు గిన్నె కలిపాడు. తడి గుడ్డ కప్పకుండా ఆ గిన్నెని ఒక్క క్షణం వదలడు, సెలవు రోజైనా వచ్చి గుడ్డ తడిపి వెళ్తాడు. "జిగురు ఎండితే పనివాడు చచ్చినట్టే లెక్క," అంటాడు.

ఐదు రోజులు వెళ్లాను. గుండీలు కుడుతూ కూడా ఆ మాటలే నమిలేదాన్ని. ఒత్తులు ఒక్కొక్కటే లొంగాయి. శుక్రవారం వెళ్తే తాత లేడు. పుస్తకాలత్తని అడిగాను.

"ఫోన్ చేశానమ్మా. 'నాకేం, కాస్త ఇంటి పనుంది' అన్నారు. నిన్నా అదే మాట. రేపు కథకి వస్తారులే."

గురువారం నాకు కార్ఖానాలో కదలడానికి వీల్లేకపోయింది కాబట్టి, ఆయన నిన్న రాలేదని నాకు అప్పుడే తెలిసింది. ఒంటరిగా ఆ గదిలో కూర్చుని కథ రెండుసార్లు చదువుకున్నాను. బల్ల మీద జిగురు గిన్నె ఉంది. పైన కప్పిన గుడ్డ ఎండి అట్టకట్టింది. జిగురు ఎండి, పాత గోడలా పగుళ్లిచ్చింది. చూశాను, కానీ నా కంగారులో నేనున్నాను.

శనివారం పొద్దున పిల్లల గది నిండింది. చాపల మీద పిల్లలు, గోడ వారగా పెద్దవాళ్లు. చిట్టెలుక ముందు వరసలో మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. తాత కుర్చీ ఖాళీగా ఉంది.

రెండో బొమ్మ దగ్గరే "దీపస్తంభం" అన్న మాట మీద ఆగిపోయాను. రోజూ చదివిన మాటే. అక్షరాలు చీమల్లా పాకాయి. వెనక ఎవరో ఆవిడ పక్కావిడతో గుసగుసలాడింది. నా కూతురి ముఖం వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. దాని కళ్లు పెద్దవయ్యాయి. తెలిసిపోయింది.

అప్పటికి నా భయం చేయగలిగిందంతా చేసేసింది. ఇంక దానికి భయపడి లాభం లేదు. పుస్తకం దించి అందరికీ వినపడేలా అన్నాను: "నేను చదువు మధ్యలో ఆపేసినదాన్ని. మెల్లిగా చదువుతాను. కానీ చివరిదాకా చదువుతాను."

చిట్టెలుక లేచి నా పక్కకి వచ్చింది. "అమ్మా, వేలు పెట్టుకో. నేనూ అలాగే చదువుతా," అని నా చూపుడువేలు పట్టుకుని అక్షరం కింద పెట్టింది.

వేలు పెట్టి చదివాను. బొంగురు గొంతుతో "నువ్వెళ్లు నాయనా, నాకేం" అన్నాను. మబ్బు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి గుండె మీద పెట్టుకుని, "ఇది ఆయన పైకి అనలేదు," అని చెప్పి, గొంతు తగ్గించి చదివాను.

"అనలేదా?" అని చిట్టెలుక గట్టిగా అరిచింది. "మరి పడవవాడికి ఎలా తెలిసింది?"

పిల్లలంతా బొమ్మ మీదికి వంగారు. ముక్కు కారుతున్న ఒక బుడ్డది వేలు చూపించింది. "ఇదిగో! పైన కిటికీలో ఇంకో బుట్ట ఉంది! పోయిన వారం బుట్ట! రొట్టెలు అలాగే ఉన్నాయి, తినలేదు!"

రెండేళ్లుగా ఆ బొమ్మ చూస్తున్నాను. ఆ బుట్ట నాకు కనపడలేదు. ఇప్పుడు కనపడింది, దానితోపాటు పగుళ్లిచ్చిన జిగురు గిన్నె కూడా కనపడింది.

ఇంకా రెండు పేజీలున్నాయి. పుస్తకం చిట్టెలుక చేతిలో పెట్టాను. "మిగతాది నువ్వు చదువు. వేలు పెట్టి చదువు, తొందరపడకు."

"నువ్వెక్కడికి?"

"పడవ తిప్పాలి."

తాత ఒక్కడే ఉండే గది రెండు వీధుల అవతల, మేడ మెట్ల కింద. తలుపు దగ్గరగా వేసుంది. పిలిస్తే లోపల్నుంచి, "ఎవరూ? అమ్మాయా? నాకేం, బాగానే ఉన్నాను. నువ్వు కథ చదవకుండా ఎందుకొచ్చావ్?" అన్నాడు.

తోసుకుని వెళ్లాను. మంచం మీద ఉన్నాడు. కుడి మడమ గుమ్మడికాయలా వాచింది. మంచం పక్కన చెంబు ఖాళీ. మంచినీళ్ల కుండ గదికి ఆ చివర ఉంది, అందనంత దూరంలో. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

నీళ్లు ముంచి ఇచ్చాను. గడగడా తాగాడు.

"తాతా, మీ 'నాకేం' నాకు వద్దు. బుడగల్లో ఉన్నది చెప్పండి."

గ్లాసు నా చేతికిచ్చాడు. తర్వాత గోడ వైపు తిరిగి, "బుధవారం సాయంత్రం మెట్టు మీద జారాను. లేవలేకపోతున్నానమ్మా. భయమేసింది," అన్నాడు.

పుస్తకాలత్తకి ఫోన్ చేశాను. ఆవిడ చిట్టెలుకనీ వెంటబెట్టుకుని ఆటో తెచ్చింది. మడమ ఎముక చిట్లిందన్నాడు డాక్టరు. కట్టు కట్టారు. చిట్టెలుక ఆటోలో నా ఒళ్లో కూర్చుని, చివరి రెండు పేజీలూ తనే చదివానని, ఒక్క చోటే తప్పానని, ఆ చోటు కూడా చెప్పింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఇద్దరం ఒకే పుస్తకం మీద రెండు వేళ్లు పెట్టి చదువుతున్నాం. నాకన్నా అదే ముందుంటోంది. ఉండనీ. ఇది రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది, ఒత్తులు అదే దిద్దింది.

చదివిన మీకు ఒక్క మాట. మీకు తెలిసినవాళ్లలో "నాకేం, బాగానే ఉన్నాను" అనే మనిషి ఒకరు ఉండే ఉంటారు. చదువుతుండగానే ఆ ముఖం గుర్తొచ్చి ఉంటుంది. ఇది పక్కన పెట్టి, వెళ్లి ఒకసారి చూసి రండి. ఫోన్ చేసి ఊరుకోకండి. ఫోన్‌లో బుడగలు కనపడవు.