మామగారి జత

తులస ఇంగ్లీషు పరీక్ష పాసయితే సోమవారం నుంచి ఆసుపత్రిలో రోగులకు సాయం చేసే పని నేర్పే క్లాసులో చేరుతుంది. పాసవకపోతే మళ్ళీ ఏడాది దాకా గోదాములో పెట్టెలు ఎత్తుతూనే ఉండాలి. ఆమె నడుం ఇంకో ఏడాది ఆగేలా లేదు. ఆ సంగతి ఆమెకూ, ఆమె నడుముకూ తప్ప ఎవరికీ తెలియదు.

అమెరికాలోని ఏక్రన్ ఊళ్ళో చర్చి కింది గదిలో ఇంగ్లీషు చెప్పే గ్లెండమ్మ మంచిది. మరీ మంచిది, చిక్కంతా అక్కడే. పరీక్షకు ఇద్దరిద్దరు జతగా కూర్చోవాలి. దేశాల గురించీ కొండల గురించీ బొమ్మల చీటీలిస్తారు. ఏది పెద్దది, ఏది అన్నిటికన్నా పెద్దది అని ఇద్దరూ మాట్లాడుకోవాలి. ఎవరి మార్కులు వారివి. ఇంటి మనిషి పక్కనుంటే ధైర్యంగా ఉంటుందని గ్లెండమ్మ తులసను ఆమె మామగారు నరపతి ధుంగెల్‌తో జత చేసింది.

జత మార్చమని అడగడానికి తులసకు నోరు రాలేదు. ఏమని అడుగుతుంది? కోడలు మామగారితో కూర్చోనంటోందని వారం తిరక్కుండా ఊళ్ళోని నేపాలీ ఇళ్ళన్నిటికీ పాకుతుంది. భర్తను చెప్పమంటే, ఆయనతో నేనా, నాకింకా బతకాలనుంది అని నవ్వేసి పడుకున్నాడు.

నరపతి గారు చెడ్డవాడు కాడు. నేపాల్లోని శరణార్థి శిబిరంలో వెదురు పాకల బడిలో పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పాడు. డెబ్బై ఏళ్ళు దాటినా ఇప్పటికీ అందరూ మాస్టారనే పిలుస్తారు. కోడలు చదువుకోవాలని పట్టుబట్టి క్లాసులో చేర్పించింది కూడా ఆయనే.

పరీక్ష రోజున, పరీక్ష పెట్టే ఆవిడ చీటీలు బల్ల మధ్యన పెట్టింది. పెద్దవాడు కనుక ఆయన తీశాడు. పెద్దవాడు కనుక ఆయనే మొదలుపెట్టాడు. తులస తలమీది శాలువా సర్దుకుని కూర్చుంది.

ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ కాంచనజంగ అన్నాడాయన. చిన్నప్పుడు తాతగారు ఆయన్ని భుజాన కూర్చోబెట్టుకుని ఆ కొండను చూపించి ఆ మాటే చెప్పాడట. తాతగారు అబద్ధమాడడు కదా. కాదు, ఎవరెస్టు ఇంకా ఎత్తు అన్న వాక్యం తులస నాలుక చివర సిద్ధంగా ఉంది. గోదాములో పెట్టెలు మోస్తూ మూడు నెలలు వల్లించిన వాక్యాల్లో అదొకటి. మామగారి ముఖం చూసింది. ఎస్ అంది.

రెండో చీటీకి, అన్ని దేశాల్లోకీ పెద్దది సోవియట్ యూనియన్ అన్నాడు. ఆయన బడిలో చదువుకున్నప్పుడు అది పెద్దదే. అది చీలి ముక్కలై ముప్పై ఏళ్ళు దాటిందని తెలిసినా మాస్టారికి ఎవరు చెప్పాలి? తులస మళ్ళీ ఎస్ అంది. పరీక్ష పెట్టే ఆవిడ ఆమె వైపు తిరిగి, నువ్వేమంటావని కళ్ళతోనే అడిగింది. పెద్దవాడి మాట మధ్యలో దూరి కాదనడం తులసకు ఏ భాషలోనూ రాదు. ఆయన సముద్రాల మీదికి వెళ్ళాడు, ఎడారుల మీదికి వెళ్ళాడు. ఒక్కచోట కూడా ఆగలేదు. ఈలోగా టైమైపోయింది.

జవాబు తప్పా ఒప్పా అన్నది అక్కడ లెక్కలోకి రాదు, ఎంత మాట్లాడారన్నదే లెక్క. ఆయనకు ఇరవైకి పదిహేడు వచ్చాయి. ఆమెకు నాలుగు. ఆ కాగితం చేతికొచ్చాక తులస బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

తిరుగు బస్సులో నరపతి గారు తన మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఎవరికీ చూపించలేదు. చివరికి మెల్లగా అడిగాడు.

"ఇంట్లో గడగడా చెప్పేదానివి గదమ్మా. అక్కడేమైంది? నేను పక్కనున్నానని భయపడ్డావా?"

అడగవలసిన మాట అదొక్కటే, ఆయనే అడిగాడు. అవునని ఒక్క ముక్క అంటే చాలు. తులస ఆయన ముఖంలోకి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి ఆయనకు.

"లేదు మామయ్యా. మీరుండబట్టే ఆ మాత్రమైనా కూర్చోగలిగాను."

ఆయన ముఖం తేటపడింది. ఆమె తలమీద చెయ్యి వేశాడు.

"నాకు తెలుసమ్మా. అందుకే గ్లెండమ్మకు చెప్పొచ్చాను. నాకు పై క్లాసు వద్దు, వచ్చే ఏడాది కూడా మా కోడలి పక్కనే కూర్చుంటానని. నిన్ను ఒంటరిగా వదిలేస్తానా?"

"సరే మామయ్యా," అంది తులస.